తోటలో తిరిగే కుక్కకి, ఊరు తిరిగే పిల్లికి బీమా: ముందు బిల్లు సంగతి చూసుకోండి

పలాస దగ్గర జీడితోటలో ఇల్లు, మూడేళ్ళ లాబ్రడార్ క్రాస్ మగకుక్క, పగలంతా తోటలోనే తిరుగుడు, సాయంత్రం మీ బండి వెనకాల పరుగు. రెండేళ్ళ పిల్లి, చీకటి పడితే ఇంట్లో ఉండదు. ఏజెంటు రెండు పాలసీలు చూపించాడు, ఒకటి చవక, ఒకటి ఖరీదు. ఏది తీసుకోవాలి, అసలు తీసుకోవాలా అని అడిగారు.

నేను పశువైద్యుణ్ణి. టెక్కలి, పాతపట్నం, బొబ్బిలి వైపు సర్కారు ఉద్యోగం చేసి, ఇప్పుడు విజయనగరంలో సొంత క్లినిక్ నడుపుతున్నాను. క్లెయిమ్ ఫారంలో డాక్టరు నింపాల్సిన పేజీ నింపేది మేమే కాబట్టి, ఏ కాగితం పాసవుతుందో, ఏది ప్రశ్నలతో వెనక్కి వస్తుందో రోజూ చూస్తుంటాను. ఫలానా కంపెనీ తీసుకోండని మాత్రం చెప్పను. బజాజ్, హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో లాంటి ప్రైవేటు కంపెనీలూ అమ్ముతున్నాయి, ప్రభుత్వ రంగ కంపెనీలూ అమ్ముతున్నాయి. షరతులు మారుతూ ఉంటాయి, ఈ ఏడు రాసింది వచ్చే ఏడుకి ఉండకపోవచ్చు. చదవడం తెలిస్తే పేరుతో పనిలేదు.

అన్నిటికంటే ముందు ఒక సంగతి. ఈ పాలసీల్లో చాలామట్టుకు మీ కుక్కకి వైద్యం చేయించవు, మీరు కట్టిన బిల్లు చూసి డబ్బు తిరిగిస్తాయి. మనుషుల ఆసుపత్రిలోలాగా కార్డు చూపించి నడిచొచ్చే పద్ధతి మన జిల్లాల్లో ఆశించకండి. అంటే బిల్లు ఉండాలి. మన దగ్గర చిక్కంతా అక్కడే. సర్కారు పశువైద్యశాలకి తీసుకెళ్తే వైద్యం ఉచితం, బిల్లుండదు. గోపాలమిత్రని, అంటే డాక్టరు కాని ఊరి పశువైద్య సహాయకుణ్ణి, పిలిస్తే ఇంటికొచ్చి సూదేసి, చేతిలో పెట్టింది తీసుకుని వెళ్ళిపోతాడు. మందులు మనుషుల మెడికల్ షాపులో, మీ పేరు మీదో పేరే లేకుండానో కొంటారు. నా క్లినిక్‌లో కూడా రోజూ వినే మాట ఇదే: "బిల్లేటి డాక్టరుబాబూ, ఇంజీషను ఏసీండి సాలు." అలా వేయించుకున్న ఇంజక్షన్‌కి ఏ కంపెనీ పైసా ఇవ్వదు. కాబట్టి ఏ పాలసీ అని అడిగేముందు, రేపు కుక్కకి ఏదైనా అయితే ఎక్కడికి తీసుకెళ్తాను, అక్కడ బిల్లు ఇస్తారా అని తేల్చుకోండి.

బిల్లంటే చీటీ కాదు. వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టరు, అంటే పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ చదివిన మనిషి, రిజిస్ట్రేషన్ నంబరున్న ముద్రతో రాసిన కేస్ షీటు, మందుల చీటీ, కుక్క పేరూ మీ పేరూ ఉన్న రసీదు. మెడికల్ షాపు బిల్లు మీద కూడా డాక్టరు పేరు రాయించండి. గోపాలమిత్ర, రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడు మంచివాళ్ళే, అర్ధరాత్రి పిలిచినా వస్తారు. కాని వాళ్ళ సంతకం క్లెయిమ్‌కి చెల్లదు. ప్రథమ చికిత్స వాళ్ళతో చేయించినా, వీలైనంత తొందరగా డాక్టరుకి చూపించి కేస్ షీటు మొదలుపెట్టించాలి.

ఇక పాలసీ రకాలు. ఆవుకీ గేదెకీ చెవికి ట్యాగ్ వేసి చేసే బీమా మీకు తెలిసే ఉంటుంది. చస్తే డబ్బు వస్తుంది, బతికితే ఏమీ రాదు. కుక్కల బీమాలో చవకగా కనిపించేవి చాలావరకు ఆ దారివే. చనిపోతే జంతువు ఖరీదు ఇస్తాయి. మీది క్రాస్. బిల్లు మీద కొన్నది కాదు కాబట్టి దాని ఖరీదు ఎంతని రాస్తారో, ఎంతకి ఒప్పుకుంటారో చెప్పలేం. మీ ఏజెంటు చూపించిన చవక పాలసీ ఇదేనని నా అనుమానం, ప్రపోజల్ ఫారంలో చూసుకోండి. బయట తిరిగే కుక్క ఒక్కపట్టున చావదు. కాలు విరుగుతుంది, పాము కరుస్తుంది, జ్వరం వస్తుంది, నెలరోజులు మందులు తింటుంది. మీ జేబుకి చిల్లు పడేది అక్కడ. అందుకని వైద్యం ఖర్చు ఇచ్చేదే పాలసీ అనుకోండి, చావు మీద వచ్చేది పైమాట.

వైద్యం ఖర్చు ఇచ్చేవాటిలో కూడా 'హాస్పిటలైజేషన్' అన్న మాట దగ్గర ఆగండి. జంతువుని రాత్రంతా ఉంచుకునే ఆసుపత్రి పలాసలో మీకు దొరకదు, శ్రీకాకుళంలోనూ కష్టమే. మేం చేసేది ఏమిటంటే, పొద్దున సెలైన్ పెట్టి సాయంత్రం పంపించేస్తాం, మర్నాడు మళ్ళీ రమ్మంటాం. ఇన్ని గంటలు ఉంచితేనే అడ్మిషన్ అని పాలసీలో రాసుంటే, ఐదు రోజులు సెలైన్ ఎక్కించినా మీకు ఒక్క రూపాయి రాదు. అవుట్ పేషెంట్ వైద్యం, అంటే ఓపీడీ కవర్, ప్రీమియం కాస్త ఎక్కువైనా మన వైపు వాళ్ళకి తప్పనిసరి. విశాఖలో ఉండేవాళ్ళకి అది అదనపు సౌకర్యం కావచ్చు, మనకి అదే అసలు పాలసీ. పెద్ద ఆపరేషన్ అయితే ఎలాగూ విశాఖ వెళ్ళాలి, లేదంటే గరివిడి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి. పలాస నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్లకి దగ్గర. ఆ బండి ఖర్చు పాలసీలో ఉంటుందని నేనెక్కడా లెక్కవేయను.

పాము గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీది తోట కాబట్టి. మీ పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటల్లో ఆకులు పేరుకుని ఉంటాయి, కుక్క ముక్కుతో తవ్వుతుంది, కాటు మూతి మీదో ముందుకాలి మీదో పడుతుంది. రక్తపింజరి కాటయితే మూతి గుమ్మడికాయలా వాచిపోతుంది. కట్లపాము కాటుకి వాపు కూడా ఉండదు, వెనక కాళ్ళు తూలి, ఊపిరి ఆడక పోతుంది. మందు మనుషులకి వాడే విషవిరుగుడే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ పనిచేసే పాలీవేలెంట్ పొడి, 10 మిల్లీలీటర్ల వయల్, అంటే చిన్న మందు సీసా. చిన్న కుక్క కదా సగం చాలు అనుకోకండి. మోతాదు కుక్క బరువుని బట్టి ఉండదు, ఒంట్లోకి ఎక్కిన విషాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఎన్ని వయల్స్ పడతాయో, బిల్లు ఎంతవుతుందో ముందే చెప్పలేం.

క్లెయిమ్ దగ్గర అడిగే ప్రశ్న: పామే కరిచిందని రుజువేది? పామును ఎవరూ చూడరు. చంపి తెస్తే వేరే తంటా. ఇక్కడ ఒక చిన్న పరీక్ష అక్కరకొస్తుంది. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోసి, కదపకుండా 20 నిమిషాలు పెడతాం. ఆ తర్వాత మెల్లగా వంచితే గడ్డకట్టిన రక్తం జారదు. పింజరి విషం ఎక్కి ఉంటే నీళ్ళలా కారిపోతుంది. గాజు ట్యూబు తప్ప వేరే ఖర్చు లేదు. కాని ఆ ఫలితం, టైముతో సహా, కేస్ షీటులో రాయించండి. ట్యూబు వంచినప్పుడు మీ ఫోనులో వీడియో తీసుకోండి. కోరల గాటు కనిపిస్తే వెంట్రుకలు గొరిగించి పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఆ ఫోటో లేని పాముకాటు క్లెయిమ్ తిరిగొచ్చాక అదే రుజువు ఎక్కడ తెస్తారు? కట్లపాము, నాగుపాము కాటుకి ఈ పరీక్షలో ఏమీ తేలదు, కాబట్టి తూలుతున్న నడక, వాలిన కనురెప్పలు కూడా వీడియో తీసి ఉంచాలి.

ఇంకొకటి, ఒంటికి పట్టి రక్తం తాగే గోమార్లు. వానలు పడ్డాక మీ కుక్క చెవుల్లో, వేళ్ళ సందుల్లో చూడండి. గోమారి జ్వరం, అంటే ఎర్లీకియా, బేబీసియా, బయట తిరిగే కుక్కకి రాకుండా ఉండటం అరుదు. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కులోంచి రక్తం వస్తుంది. ఎర్లీకియాకి డాక్సీసైక్లిన్ సుమారు నెలరోజులు వాడాలి. ఒకసారి వచ్చిందని కాగితం మీద ఉంటే, ఆ తర్వాత తీసుకునే పాలసీలో అది పాత జబ్బు కింద పోతుంది. మీ కుక్కకి ఇంతవరకూ రాకపోతే పాలసీ తీసుకునేది ఇప్పుడే, వచ్చాక కాదు. పాలసీ మొదలయ్యాక కూడా జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే మొదట్లో కొన్నాళ్ళు క్లెయిమ్ చెల్లదు. ప్రమాదాలకి అది తక్కువగానో, అసలు లేకుండానో ఉండొచ్చు. తొలకరికి ముందే తీసుకుంటే గోమార్ల కాలానికి ఆ గడువు దాటిపోతుంది. మినహాయింపుల పేజీలో పేలు, గోమార్లు లాంటి బయటి పురుగుల వల్ల వచ్చేవి అని రాసుందేమో వెతకండి. అలా రాసి ఉంటే మీలాంటి వాళ్ళకి ఆ పాలసీ దండగ.

గోమార్ల మాట వచ్చింది కాబట్టి పిల్లి కోసం ఒక హెచ్చరిక. కుక్క మెడ మీద వేసే చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నవి పిల్లికి విషం. కుక్కకి వేసి, అదే పక్క మీద పిల్లి పడుకున్నా వణుకు పుట్టి ఫిట్స్ వస్తాయి. పశువులకి కొట్టే పిడుదు మందు నీళ్ళలో కలిపి పిల్లికి పోసేవాళ్ళని కూడా చూశాను. అలా మనచేత్తో చేసిన దానికి బీమా రాదు, పిల్లీ దక్కదు.

టీకాల కార్డు లేకపోతే మిగతా ఏదీ పనిచేయదు. రేబిస్ టీకా మూడు నెలలప్పుడు మొదలుపెట్టి, తర్వాత ఏటా. ఒకే సూదిలో చాలా జబ్బులకి వేసే సెవెన్ ఇన్ వన్ లాంటివి కూడా ఏటా. అందులో లెప్టోస్పైరోసిస్ భాగం మీకు ముఖ్యం. వంశధార, నాగావళి పొంగాక నిలిచిన నీళ్ళలో ఎలుకల మూత్రం కలుస్తుంది, ఆ నీళ్ళు తాగిన కుక్కకి కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. టీకా ఉన్న జబ్బుకి టీకా వేయించకపోతే ఆ జబ్బుకి క్లెయిమ్ ఉండదని దాదాపు ప్రతి పాలసీలోనూ రాసుంటుంది. జూలై 6 జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం నాడు పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. వేయించుకోండి, కాని ఊరికే వచ్చేయకండి. వయల్ మీది బ్యాచ్ నంబరు స్టిక్కరు పీకి కార్డు మీద అంటించి, తేదీ వేసి, డాక్టరు సంతకం పెట్టించండి. స్టిక్కరు లేని కార్డుకి కంపెనీలో విలువ తక్కువ.

ఇక మీరు అడగకపోయినా నేను చెప్పాల్సింది, థర్డ్ పార్టీ కవర్. మీ కుక్క బండి వెనకాల పరిగెడుతుందన్నారు. ఎదురుగా వచ్చే బండికి అడ్డం పడి ఆ మనిషి కాలు విరిగితే, కుక్క వైద్యం కంటే ఆ మనిషి వైద్యం ఖర్చు చాలా రెట్లు. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ జరిమానా బీమా కట్టదు. అవతలి మనిషికి ఇవ్వాల్సిన నష్టపరిహారం మాత్రం థర్డ్ పార్టీ కవర్‌లో వస్తుంది, అది కూడా చాలాసార్లు కోర్టు తీర్పు ఉంటేనే. ఇందులో ఒక మెలిక ఉంది. ఇంట్లోవాళ్ళు, మీ దగ్గర పనిచేసేవాళ్ళు సాధారణంగా థర్డ్ పార్టీ కింద రారు. జీడిపిక్కలు ఏరే కాలంలో తోటకి కూలీలు వస్తారు కదా, వాళ్ళలో ఒకరిని కరిస్తే ఏమవుతుందో ఏజెంటుని నోటితో కాదు, ఈమెయిల్‌లో అడగండి. జవాబు దాచుకోండి.

అలాగే ప్రపోజల్ ఫారంలో 'పెంపుడు కుక్క' అని టిక్ పెట్టి ఊరుకోవద్దు. తోట కాపలా కాస్తుంటే ఆ మాట రాయండి. కాపలా, వేట, పందేలు, పిల్లలు తీయించి అమ్మడం, వీటికి వాడే కుక్కలకి చాలా పాలసీలు వర్తించవు. ఇంటి కుక్క తోటలో మొరగడం వేరు, తోట కాపలాకే కట్టేసిన కుక్క వేరు. ఆ తేడా కంపెనీ చేత ముందే ఒప్పించుకోవాలి. ప్రీమియం కాస్త పెరిగితే పెరగనివ్వండి. వేటకి మాత్రం అసలు వాడకండి. పందికో కుందేలుకో కుక్కని తీసుకెళ్తే బీమా పోవడమే కాదు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు కూడా.

మీ వైపు ఎలుగుల బెడద ఉంది. జీడిపళ్ళకీ పనసపళ్ళకీ తోటల్లోకి దిగుతాయి, కుక్క ఎదురెళ్ళి చీరుకుంటుంది. అడవి జంతువు దాడి 'ప్రమాదం' కింద వస్తుందా అని ముందే అడగండి. జరిగితే అటవీశాఖ బీట్ ఆఫీసరుకి రాతపూర్వకంగా తెలియజేసి, దాని నకలు క్లెయిమ్‌కి జతచేయండి. పందులకని పెట్టిన కరెంటు తీగ తగిలి చచ్చిన కుక్క సంగతి ఇంకా కష్టం. తీగ పక్కవాళ్ళదైతే పోలీసు ఫిర్యాదు, రిజిస్టర్డ్ డాక్టరు చేసిన పోస్టుమార్టం రిపోర్టు, రెండూ కావాలి. పూడ్చేసి ఫోను చేస్తే ఏమీ రాదు. తీగ మీదే అయితే ఇక చెప్పేదేముంది.

2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ తోటలు ఎలా పడుకున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పశువుల బీమాలో తుఫాను, వరద, పిడుగు మామూలుగానే ఉంటాయి. కుక్కల పాలసీలో ఉన్నాయని అనుకోకుండా వెతకండి. ఒకవేళ పడిన చెట్టు కింద పడి కాలు విరిగితే, రోడ్లు మూసుకుపోయి పాలసీలో రాసిన 24 గంటల గడువులో కంపెనీకి తెలియజేయలేకపోయారనుకోండి, ఫోనుకి సిగ్నల్ వచ్చిన వెంటనే మెసేజ్ పెట్టి, ఆలస్యానికి కారణం రాయండి.

డబ్బు లెక్క ఒకటి వేసి చూపిస్తాను. కాలి ఎముకకి ప్లేటు వేసి 16,000 బిల్లు అయిందనుకోండి. డిడక్టిబుల్, అంటే ముందుగా మీరే పెట్టుకోవాల్సిన మొత్తం, 1,000 తీస్తే 15,000. అందులో 20 శాతం కో-పే, అంటే మీరు పంచుకోవాల్సిన వాటా, 3,000 మీది. మిగిలింది 12,000. ఇంతలో సర్జరీకి 8,000 సబ్-లిమిట్, అంటే ఆ ఒక్క ఖర్చుకి ఇచ్చే గరిష్ఠ మొత్తం, అని ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసుంటే, చేతికొచ్చేది ఆ 8,000 మాత్రమే. లక్ష రూపాయల సమ్ ఇన్షూర్డ్, అంటే మొత్తం బీమా, అని ఏజెంటు ఎంత గట్టిగా చెప్పినా చెప్పనివ్వండి, మీరు అడగాల్సింది సబ్-లిమిట్ల పట్టిక. అది ఇవ్వని ఏజెంటుకి టీ ఇచ్చి పంపించేయండి.

గుర్తింపుకి మైక్రోచిప్ వేయించండి. భుజాల మధ్య చర్మం కింద బియ్యపుగింజంత, 15 అంకెల నంబరు. కుక్క ఎక్కడుందో అది చెప్పదు, ఈ కుక్క మీదేనని మాత్రం చెబుతుంది. కొన్ని కంపెనీలు దానికి ప్రీమియం తగ్గిస్తాయి. తప్పిపోయినా, దొంగిలించినా ఇచ్చే కవర్ మాత్రం మీకు వద్దంటాను. గేటు లేని తోటలో తిరిగే కుక్క కనబడకపోతే, జాగ్రత్త తీసుకోలేదని కొట్టేయడానికి కంపెనీకి అంతకంటే సాకు అక్కర్లేదు.

సరే, తేల్చి చెబుతాను. కుక్కకి తీసుకోండి: ప్రమాదం, జబ్బు, ఓపీడీ, థర్డ్ పార్టీ ఉన్నది. ఖరీదు పాలసీలో ఇవన్నీ ఉంటే అదే. మూడేళ్ళంటే సరైన వయసు. ఏడెనిమిదేళ్ళు దాటాక కొత్తగా తీసుకోవడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు, పెద్ద జాతులకి ఇంకా ముందే ఆపేస్తారు. తీసుకున్నాక మధ్యలో వదలకుండా గడువులోపలే రెన్యూవల్ చేయించండి, లేకపోతే అప్పటిదాకా వచ్చిన జబ్బులన్నీ పాతవైపోతాయి.

పిల్లికి నేనైతే తీసుకోను. పిల్లుల పాలసీలు తక్కువ, రాత్రి తిరిగే పిల్లికి ఏం జరిగిందో చెప్పే సాక్షి ఉండడు, మగపిల్లి కొట్లాటల్లో వచ్చే చీముగడ్డల్లాంటివి చిన్న బిల్లులు, డిడక్టిబుల్ కిందే పోతాయి. ఆ ప్రీమియం డబ్బుకి పోస్టాఫీసులో నెలవారీ ఆర్డీ కట్టండి. అంతకంటే ముందు దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఆ ఖర్చు ఏ బీమా ఇవ్వదు గాని, మగదైనా ఆడదైనా తిరుగుడు తగ్గుతుంది, కొట్లాటలు తగ్గుతాయి, మీ నేలబావి గోడ మీద రాత్రిపూట నడకలూ తగ్గుతాయి. రేబిస్ టీకా, పిల్లులకి వేసే త్రీ ఇన్ వన్ టీకా మాత్రం వదలొద్దు. ఎలుకలమందు తిన్న ఎలుకని పట్టి తెచ్చిందని అనుమానం వస్తే, బాగానే ఉంది కదా అని కూర్చోకండి. కొన్ని మందులు రెండు మూడు రోజులు ఆగి రక్తస్రావం చేస్తాయి. మందు ప్యాకెట్టు పట్టుకుని రండి, దాన్ని బట్టి విరుగుడు మారుతుంది.

క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బీమా కంపెనీల మీద నియంత్రణ ఉన్న ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255కి ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఏది చేసినా కేస్ షీటు, బిల్లులు, ఏజెంటు ఈమెయిళ్ళు, టీకాల కార్డు అడుగుతారు. మీ ఏజెంటు ఇచ్చిన రెండు పాలసీల మినహాయింపుల పేజీలు ఫోటో తీసి పంపితే, ఏ లైను మీద ఏం అడగాలో గుర్తుపెట్టి ఇస్తాను.